రెండు బిందువుల గుండా సరళరేఖ: హారంలో సున్నా వస్తే ఏం రాయాలి?

ఫస్టియర్_ఎంపీసీ
అందరికీ నమస్కారం. నాది ఇంటర్ ఫస్టియర్. సరళరేఖల చాప్టర్ నడుస్తోంది. రెండు బిందువులిచ్చి సమీకరణం కనుక్కోమంటే మామూలుగా చేసేస్తున్నా. ఉదాహరణకి (1, −4), (5, 2) ఇస్తే వాలు (వైల తేడాని ఎక్స్‌ల తేడాతో భాగిస్తే వచ్చేది) 6/4, అంటే 3/2. వై + 4 = (3/2)(ఎక్స్ − 1). సర్దితే 3ఎక్స్ − 2వై − 11 = 0. రెండో బిందువుతో మొదలుపెట్టినా ఇదే వస్తోంది.

ఈ వారం టెస్టులో (3, 7), (3, −2) ఇచ్చారు. వాలు −9/0. నా పక్కవాడు "సమీకరణం లేదు" అని రాసి వదిలేశాడు. నేను రఫ్‌లో గ్రాఫ్ గీసి చూసి ఎక్స్ = 3 అని రాశా. జవాబు కరెక్టే, కానీ స్టెప్పులు లేవని రెండు మార్కుల్లో ఒకటే వేశారు. స్టెప్పులు ఎలా రాయాలి? సూత్రంలో వేస్తే సున్నాతో భాగించాలి కదా. ఒక లెక్కకి పనిచేసి ఇంకోదానికి చేయకపోతే అది సూత్రం ఎలా అవుతుంది?

బిట్లరాజు
తమ్ముడూ, దీనికి టెన్షన్ ఎందుకు? ఎక్స్‌లు రెండూ ఒకటే అయితే ఎక్స్ = ఆ సంఖ్య. వైలు రెండూ ఒకటే అయితే వై = ఆ సంఖ్య. మిగతా అన్నిటికీ సూత్రం. ఈ మూడు ముక్కలు గుర్తుంటే చాలు. ఎంట్రన్స్‌లో 160 బిట్లకి 180 నిమిషాలు. "ఎందుకు" అని కూర్చుంటే పేపర్ సగంలో ఉండగానే బెల్ కొడతారు.

పాత_లెక్చరర్
బాబూ, నీ ప్రశ్న మంచిది, నీ పక్కవాడి జవాబు తప్పు. అక్కడ లేనిది వాలు. రేఖ ఉంది, సమీకరణమూ ఉంది. ఈ రెండిటినీ పిల్లలు ఒకటనుకోవడానికి కారణం మేమే. ముందు వాలు నేర్పి, తర్వాత సమీకరణం నేర్పి, వాలు లేకపోతే సమీకరణం పుట్టదన్నట్టు బోర్డు మీద రాస్తాం.

ఇలా చూడు. రేఖ మీద తెలిసిన బిందువులు రెండు: (ఎక్స్₁, వై₁), (ఎక్స్₂, వై₂). వాటి మధ్య అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత జరిగామో రెండు సంఖ్యలు వస్తాయి. నీ మొదటి లెక్కలో అడ్డంగా 4, నిలువుగా 6. ఇప్పుడు (ఎక్స్, వై) అనే మూడో బిందువు అదే గీత మీద ఉండాలంటే, మొదటి బిందువు నుంచి అది జరిగిన అడ్డం, నిలువు కూడా 4కి 6 పాళ్లలోనే ఉండాలి. దీన్ని భాగహారంగా రాస్తే వాలు సూత్రం. అడ్డగుణకారంగా రాస్తే ఇది:

(ఎక్స్₂ − ఎక్స్₁)(వై − వై₁) = (వై₂ − వై₁)(ఎక్స్ − ఎక్స్₁)

ఇందులో భాగించడమే లేదు. నీ టెస్టు లెక్క వెయ్యి:

(3 − 3)(వై − 7) = (−2 − 7)(ఎక్స్ − 3)
0 = −9(ఎక్స్ − 3)
ఎక్స్ − 3 = 0

మూడు లైన్లు. ఇవి రాస్తే ఆ ఒక్క మార్కు ఎవరూ ఆపలేరు. అడ్డంగా ఉండే రేఖకీ విడిగా గుర్తుపెట్టుకోవలసింది లేదు, కుడిపక్క సున్నా అయి వై = స్థిరాంకం దానంతటదే వస్తుంది. బిట్లరాజు గారి మూడు ముక్కలూ ఈ ఒక్క లైనులోనే ఉన్నాయి.

ఇంకొంచెం విప్పితే:

(వై₁ − వై₂)ఎక్స్ + (ఎక్స్₂ − ఎక్స్₁)వై + (ఎక్స్₁వై₂ − ఎక్స్₂వై₁) = 0

నిర్ధారకాలు వచ్చినవాళ్లకి ఇది 3×3 నిర్ధారకం విస్తరణ అని తెలిసిపోతుంది. (1, −4), (5, 2) కి వేస్తే −6ఎక్స్ + 4వై + 22 = 0. −2తో భాగిస్తే నీ 3ఎక్స్ − 2వై − 11 = 0. నేనైతే మొదటి రోజు నుంచీ ఈ రూపమే నేర్పాలంటాను. వాలు తర్వాత, అవసరమైనప్పుడు.

వైజాగ్_ఇన్‌స్ట్రుమెంట్
లెక్చరర్ గారికి నమస్కారం. సార్, మీ లెక్క తప్పనను గానీ "వాలు తర్వాత" అన్నదానికి మాత్రం ఒప్పుకోను. నేను ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తాను. రెండు బిందువుల గుండా గీత గీయడం తప్ప మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పెద్ద గణితం ఏమీ లేదు. అందులో మాకు కావలసింది వాలే.

ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ అనుకోండి, అంటే ప్రెషర్‌ని కొలిచి దాన్ని కరెంటుగా కంట్రోల్ రూంకి పంపే పరికరం. రేంజి 0 నుంచి 10 బార్. 0 బార్ దగ్గర 4 మిల్లీఆంపియర్లు, 10 బార్ దగ్గర 20 మిల్లీఆంపియర్లు పంపాలి. బిందువులు (0, 4), (10, 20). వాలు 16/10 = 1.6. అంటే ఒక్కో బార్‌కి 1.6 మిల్లీఆంపియర్లు. ఈ సంఖ్యకి యూనిట్ ఉంది, అర్థం ఉంది. కంట్రోల్ రూంలో 12 కనిపిస్తే 12 లోంచి 4 తీసేసి 1.6తో భాగిస్తే 5 బార్ అని నోటితో చెప్పేస్తాం. మీరు చెప్పిన రూపంలో ఇదే గీత −16ఎక్స్ + 10వై − 40 = 0 అవుతుంది. ఇది చూసి ఏ టెక్నీషియనూ మీటర్ సెట్ చేయలేడు.

పైగా మా గీతలు నిలువుగా రావు. ప్రెషర్ మారకుండా కరెంటు మారుతోందంటే అది సమీకరణం సమస్య కాదు, ట్రాన్స్‌మిటర్ పోయిందని.

ఫస్టియర్_ఎంపీసీ
లెక్చరర్ సార్, చాలా థాంక్స్. ఆ మూడు లైన్లూ నోట్సులో రాసుకున్నాను.

వైజాగ్ అన్నా, ఒక డౌట్. 0 బార్‌కి 0 మిల్లీఆంపియర్ పెట్టుకుంటే గీత మూలబిందువు గుండా పోతుంది కదా, లెక్క ఇంకా ఈజీ. మధ్యలో ఈ 4 ఎందుకు?

వైజాగ్_ఇన్‌స్ట్రుమెంట్
మంచి డౌటు. వైరు తెగిపోతే కరెంటు ఎంత? సున్నా. ప్రెషర్ లేకపోయినా సున్నాయే అయితే రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది? అందుకే గీతని పైకి జరిపి 4 దగ్గర మొదలుపెట్టారు. రీడింగ్ 4 అంటే ప్రెషర్ లేదు. 0 అంటే వైరు లేదు. మీ పుస్తకంలో వై-అంతఃఖండం అంటారే, ఆ 4 అదే. మాకు దాని విలువ అర్ధరాత్రి డ్యూటీలో తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఏ రెండు బిందువులైనా గీత ఒక్కటే అని పుస్తకం అంటుంది. కాగితం మీద నిజమే. కొలిచిన బిందువుల్లో కొంచెం పొరపాటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఏ రెండు తీసుకున్నామన్నది మాకు చాలా ముఖ్యం. పై ట్రాన్స్‌మిటర్‌నే 2 బార్, 3 బార్ దగ్గర చూశామనుకో. రావలసినవి 7.2, 8.8. రెండోది 8.85 అని చదివాం, 0.05 తేడా, పెద్దదేం కాదు. ఇప్పుడు వాలు 1.65. ఆ గీతని 10 బార్ దాకా లాగితే 7.2 + 8 × 1.65 = 20.4. అక్కడ తేడా 0.4 అయింది, అంటే పావు బార్. అదే 0 దగ్గరా 10 దగ్గరా చూసి, ఒకచోట అదే 0.05 పొరపాటు పడినా, రేంజి మొత్తంలో ఎక్కడా తేడా 0.05 దాటదు. అందుకే రెండు చివర్లూ పట్టుకుంటాం.

అయినా రెంటితో సరిపెట్టం. 0, 25, 50, 75, 100 శాతాల దగ్గర 4, 8, 12, 16, 20 వస్తున్నాయా అని ఐదూ చూస్తాం. రెండు బిందువులిస్తే గీత ఎప్పుడైనా వస్తుంది. అసలు పరికరం గీతలా నడుస్తోందా లేదా అన్నది మూడో బిందువే చెప్పాలి.

సిరి_వాళ్ళమ్మ
చదువుతుంటే ముచ్చటగా ఉంది. మేం న్యూజెర్సీలో ఉంటాం. పాపకి జ్వరం వస్తే ఇక్కడి డాక్టర్ ఫారన్‌హీట్‌లో అడుగుతారు, మా ఇంట్లో ఉన్నదేమో ఇండియా నుంచి తెచ్చిన సెల్సియస్ థర్మామీటర్. 9/5, 32 అని బట్టీపట్టిన సూత్రంలో ఏది ముందో ప్రతిసారీ తికమకే. దీన్నీ రెండు బిందువులతో చేయొచ్చా?

ఫస్టియర్_ఎంపీసీ
చేయొచ్చు ఆంటీ, నేను చెప్తా. మంచు కరిగేది 0 సెల్సియస్, 32 ఫారన్‌హీట్. నీళ్లు మరిగేది 100, 212. బిందువులు (0, 32), (100, 212). వాలు 180/100 = 9/5. ఎక్స్ సున్నా అయినప్పుడు వై 32 కాబట్టి

ఫారన్‌హీట్ = (9/5) × సెల్సియస్ + 32

38.5 ఉంటే 69.3 + 32 = 101.3. సూత్రం మర్చిపోయినా ఆ రెండు బిందువులు గుర్తుంటే చాలు, మళ్లీ పుట్టించుకోవచ్చు. రెండూ సమానమయ్యేది −40 దగ్గర, అది మా ఫిజిక్స్ సార్ అడిగిన బిట్టు.

వైజాగ్_ఇన్‌స్ట్రుమెంట్
చూశారా లెక్చరర్ గారూ, కుర్రాడు ఇక్కడ వాలే వాడాడు :)

ఫిజిక్స్_ల్యాబ్_హైదరాబాద్
థర్మామీటర్ మాట వచ్చింది కాబట్టి నా వంతు. గుర్తుల్లేని థర్మామీటర్‌ని ఐసులో పెట్టి 0 గీత, మరిగే నీళ్ల ఆవిరిలో పెట్టి 100 గీత గీసి, మధ్యని సమానంగా పంచుకోవాలని పుస్తకంలో ఉంటుంది. రెండు బిందువుల గీతే. కానీ హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తుకి వెళ్తే గాలి పీడనం తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకి మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ పడిపోతుంది. మా ల్యాబులో నీళ్లు 98.2 దగ్గరే మరుగుతాయి.

అది చూసుకోకుండా ఆ గీత పక్కన 100 అని రాసేస్తే బిందువు (98.2, 98.2) కావలసింది పోయి (98.2, 100) అవుతుంది. వాలు 1 కాకుండా 100/98.2. ఆ థర్మామీటర్ 37 డిగ్రీల ఒంటిని 37.7 అని చూపిస్తుంది. ఫారన్‌హీట్‌లో దాదాపు 99.8. జ్వరం లేనివాడికి జ్వరం తెచ్చాం. పిల్లలకి ఈ లెక్క చేయించిన రోజు క్లాసులో ఒక్కడూ నిద్రపోడు. వైజాగ్ వాళ్లకి బీచ్ ఉంది కాబట్టి ఈ బాధ లేదు.

కోడ్_కోటయ్య
నేను సాఫ్ట్‌వేర్. ఈ పంచాయితీలో నా ఓటు లెక్చరర్ గారికి. ప్రోగ్రామ్‌లో వాలు వాడితే రెండు గొడవలు. ఒకటి నిలువు గీత వచ్చిన రోజున సున్నాతో భాగించి ప్రోగ్రామ్ పడిపోతుంది. రెండోది దశాంశాలు. కంప్యూటర్‌కి 0.1 + 0.2 కచ్చితంగా 0.3 కాదు, కాబట్టి రెండు వాలులు సమానమా అని అడిగితే నమ్మకంగా చెప్పలేదు. అదే ఎక్స్ గుణకం, వై గుణకం, స్థిరాంకం అని మూడు పూర్ణసంఖ్యలుగా దాచుకుంటే ఏ గొడవా లేదు. మూడిటినీ గ.సా.భా.తో భాగించి, మొదటి సంఖ్య ధనంగా ఉండేట్టు గుర్తు మారిస్తే (6, −4, −22), (−3, 2, 11) రెండూ (3, −2, −11) అయిపోతాయి. ఒకే గీత, ఒకే పేరు. "ఇచ్చిన బిందువుల్లో ఒకే గీత మీద ఎక్కువగా ఎన్ని ఉన్నాయి" అని ఇంటర్వ్యూల్లో అడుగుతారు, అక్కడ ఇదే వాడతాం.

ఇంకో లాభం. ఆ సమీకరణం ఎడమపక్కలో ఏ బిందువు వేసినా గీతకి ఎటువైపు ఉందో గుర్తు చెప్పేస్తుంది. 3ఎక్స్ − 2వై − 11 లో (0, 0) వేస్తే −11. (5, 0) వేస్తే 4. గుర్తులు వేరు, కాబట్టి గీతకి చెరోపక్క. మ్యాపులో ఒక పాయింటు హద్దుకి ఇటా అటా అని చూడ్డానికి ఇదే ఆధారం.

తమ్ముడికి ఒక సరదా సంగతి: 1962లో ఐబీఎంలో జాక్ బ్రెసెన్‌హామ్ అనే ఆయన ప్లాటర్ (కాగితం మీద పెన్నుతో బొమ్మలు గీసే యంత్రం) మీద రెండు బిందువుల మధ్య గీత గీయడానికి పద్ధతి కనిపెట్టారు. భాగహారం లేదు, దశాంశాలు లేవు, పూర్ణసంఖ్యల కూడికలతోనే పని నడుస్తుంది. ఒక్కో అడుగుకీ అసలు గీత నుంచి ఎంత పక్కకి జరిగామో లెక్క పెట్టుకుంటూ, ఎక్కువైతే ఒక గడి పైకెక్కడం. తర్వాత స్క్రీన్ల మీద గీతలకీ అదే వాడారు.

జ్యోతిష_గణితం
గీత అన్న మాట లేకుండానే మనవాళ్లు ఈ పని చేశారు, త్రైరాశికంతో. 499లో ఆర్యభటుడు ఇచ్చిన జ్యా (సైన్) పట్టికలో 24 విలువలే ఉంటాయి, 225 కళలకొకటి (డిగ్రీకి 60 కళలు), అంటే 3 డిగ్రీల 45 కళలకొకటి. వ్యాసార్ధం 3438. మొదటిది 225, రెండోది 449. మరి 5 డిగ్రీలకి కావాలంటే?

5 డిగ్రీలంటే 300 కళలు. బిందువులు (225, 225), (450, 449). 225 కళలకి పెరుగుదల 224 అయితే 75 కళలకి ఎంత? 75 × 224/225, అంటే 74.67. మొత్తం 299.67. ఇప్పుడు కాలిక్యులేటర్‌లో 3438 × సైన్ 5° కొట్టి చూడండి, 299.64. జ్యా వక్రమే గానీ రెండు విలువల మధ్య చిన్న ముక్క గీతకి అంత దగ్గరగా ఉంటుంది. ఇంకా నునుపుగా కావాలని బ్రహ్మగుప్తుడు 665లో ఖండఖాద్యకంలో రెండో తేడాలు కూడా కలిపే పద్ధతి ఇచ్చాడు. గీతలకి సమీకరణాలు రాసే దారి చూపిన డెకార్ట్ జ్యామితి పుస్తకం వచ్చింది ఆ తర్వాతెప్పుడో, 1637లో.

బిట్లరాజు
అన్నీ బాగున్నాయి గానీ పిల్లాడికి ఎల్లుండి పరీక్ష పెడితే ఆర్యభటుడు రాడు. షార్ట్‌కట్ చెప్తా. బిట్టులో నాలుగు ఆప్షన్లు ఉంటాయి కదా. సమీకరణం కనుక్కోవద్దు. రెండు బిందువుల్నీ ఆప్షన్లలో వెయ్యి. రెంటికీ సున్నా వచ్చిందే జవాబు. పది సెకన్లు.

పాత_లెక్చరర్
రాజు గారూ, ఇది మాత్రం చక్కని మాట. పైగా సిద్ధాంతపరంగానూ సరైనదే, రెండు వేర్వేరు బిందువుల గుండా రేఖ ఒక్కటే కాబట్టి. బాబూ, రెండూ వేసి చూడు సుమా. ఒక్క బిందువు వేసి ఆగిపోతారని తెలిసే, ఆ బిందువు గుండా పోయే రేఖల్ని ఇంకో రెండు ఆప్షన్లలో పెడతారు. లాంగ్ ఆన్సర్ రాసినప్పుడు కూడా చివర్లో ఈ తనిఖీ చేసుకో. గుర్తుల పొరపాట్లు తొంభై పాళ్లు అక్కడే దొరికిపోతాయి.

వైజాగ్ గారికి: కొలత ఉన్నచోట వాలు మీది, కాదనను. ఒక్క లెక్క ఇస్తాను, అది చూశాక చెప్పండి. బిందువులు (ఏటి₁², 2ఏటి₁), (ఏటి₂², 2ఏటి₂). ఇందులో ఏ, టి₁, టి₂ ఏవో సంఖ్యలు. ఇది ఫస్టియర్ వాళ్లు చేయగలిగిందే. బాబూ, రేఖ సమీకరణం రాయి. తర్వాత రెండు ప్రశ్నలు. టి₂ = −టి₁ అయితే ఏమవుతుంది? టి₁, టి₂ సమానమైతే ఏమవుతుంది?

ఫస్టియర్_ఎంపీసీ
సార్, చేశాను. అడ్డగుణకారం రూపంలోనే వేశా.

ఎక్స్ తేడా = ఏ(టి₂² − టి₁²) = ఏ(టి₂ − టి₁)(టి₂ + టి₁)
వై తేడా = 2ఏ(టి₂ − టి₁)

ఏ(టి₂ − టి₁)(టి₂ + టి₁)(వై − 2ఏటి₁) = 2ఏ(టి₂ − టి₁)(ఎక్స్ − ఏటి₁²)

రెండుపక్కలా ఏ(టి₂ − టి₁) కొట్టేస్తే

(టి₁ + టి₂)(వై − 2ఏటి₁) = 2(ఎక్స్ − ఏటి₁²)

విప్పి సర్దితే 2ఎక్స్ − (టి₁ + టి₂)వై + 2ఏటి₁టి₂ = 0.

టి₂ = −టి₁ అయితే వై పదం పోతుంది. 2ఎక్స్ − 2ఏటి₁² = 0, అంటే ఎక్స్ = ఏటి₁². నిలువు రేఖ. వాలుతో చేసుంటే 2/(టి₁ + టి₂) వచ్చి ఇక్కడ ఇరుక్కునేవాణ్ణి.

రెండోదే అర్థం కాలేదు. టి₁ = టి₂ = టి అయితే రెండు బిందువులూ ఒకటే. ఒక్క బిందువు గుండా ఎన్ని రేఖలైనా పోతాయి కదా. కానీ నా జవాబులో వేస్తే 2ఎక్స్ − 2టివై + 2ఏటి² = 0, అంటే ఎక్స్ − టివై + ఏటి² = 0 అని ఒకటే రేఖ వచ్చింది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?

కోడ్_కోటయ్య
నువ్వు కొట్టేసిన టి₂ − టి₁ ఉంది చూడు, టి₁, టి₂ సమానమైతే అది సున్నా. కొట్టేయకముందు సమీకరణం 0 = 0. అంటే నువ్వన్నట్టే ఏ రేఖైనా సరే. కొట్టేశాక మిగిలింది వేరే సంగతి.

పాత_లెక్చరర్
కోటయ్య గారు సగం చెప్పారు. ఆ బిందువులు వై² = 4ఏఎక్స్ అనే పరావలయం మీదివి. వాటిని కలిపే రేఖ ఆ పరావలయానికి జ్యా. టి₂ ని టి₁ వైపు జరుపుతూ పో. ఒకటి కానంతవరకూ జ్యా కచ్చితంగా ఒకటే ఉంటుంది. దగ్గరయ్యేకొద్దీ అది ఏ రేఖ వైపు వాలుతుందో నువ్వు రాసిన ఎక్స్ − టివై + ఏటి² = 0 అదే. ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ. సెకండియర్‌లో దీన్ని వేరే దారిలో మళ్లీ చేస్తావు.

పేపర్‌లో రాసేటప్పుడు కొట్టేసే లైను పక్కన "ఏ ≠ 0, టి₁ ≠ టి₂ కాబట్టి" అని రాయి. పేపర్లు దిద్దినప్పుడు నేను ఆ ముక్క కోసమే చూసేవాణ్ణి.

వైజాగ్_ఇన్‌స్ట్రుమెంట్
ఈ లెక్కకి ఒప్పుకున్నాను సార్. ట్రాన్స్‌మిటర్‌కి మాత్రం 1.6 తోనే ఉంటాను.